క్యూరింగంటే తడపడమా? తడి తగలనివ్వకపోవడమా?

ఇల్లు కట్టించిన అనుభవం ఉన్న ఏ ఇల్లాలికీ 'క్యూరింగ్' అనే మాట గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. శ్లాబు వేసిన మర్నాటి నుంచే ఆ పని మన నెత్తిన పడుతుంది. మేస్త్రి బండెక్కుతూ "అమ్మగారూ, క్యూరింగ్ మాత్రం మర్చిపోవద్దండీ" అని మనకే చెప్పి వెళతాడు. అయ్యగారు పక్కనే నిలబడి ఉన్నా ఆయనకి చెప్పడు. చెప్పినా లాభం లేదని అతనికీ తెలుసు! అక్కణ్ణుంచి పొద్దున్న కాఫీ పెట్టకముందు ఒకసారి, ఎండ నడినెత్తికి రాకముందు ఒకసారి, సాయంత్రం దీపం పెట్టేవేళకి ఒకసారి పైపు పట్టుకుని గోడల చుట్టూ తిరగాలి. శ్లాబు మీద గట్లు కట్టి వరిమడిలా నిలబెట్టిన నీళ్ళు ఇంకిపోయాయేమోనని ఎక్కి చూడాలి. స్తంభాలకి చుట్టిన గోనెసంచులు ఆరిపోకుండా కనిపెట్టుకుని ఉండాలి. ఇంటి ఖర్చుల పుస్తకంలో మేస్త్రి కూలీ ఉంటుంది, ఇసుక లారీ ఉంటుంది, మేకుల పొట్లం కూడా ఉంటుంది. ఈ తడిపిన కూలీ మాత్రం ఏ పేజీలోనూ కనపడదు.

అలాగని అది చిన్న పనేం కాదు. సిమెంటు గట్టిపడటానికి నీరే ప్రాణం. కాంక్రీటు పనుల కోసం 2000లో సవరించిన ఐ.ఎస్. 456 అనే ప్రమాణం మామూలు సిమెంటుకి కనీసం 7 రోజులు, బూడిద వంటివి కలిసిన సిమెంటుకి కనీసం 10 రోజులు తడి ఆరకూడదంటుంది. ఈ రెండో రకాన్ని 14 రోజులు తడిపితే మరీ మంచిదట. పొడిగా, వేడిగా ఉండే రోజుల్లో అయితే ఏ సిమెంటుకైనా 10 రోజులకి తగ్గకూడదు. అంటే ఇంటి గట్టిదనంలో మేస్త్రి చెయ్యి ఎంత ఉందో, పైపు పట్టుకున్న ఇల్లాలి చెయ్యీ అంతే ఉందన్నమాట.

ఇంత కష్టపడి నేర్చుకున్న ఈ మాట ఈమధ్య కొన్ని ఇళ్ళల్లో ఓ చిత్రమైన పేచీ తెచ్చిపెడుతోంది. కారు షెడ్డు నేలకి 'ఎపాక్సీ' అనే పూత వేయించుకోవడం మీకు తెలిసే ఉంటుంది. ఒకప్పుడు మందుల ఫ్యాక్టరీల్లో, ఆస్పత్రుల్లో, కార్ల షోరూముల్లో చూసేవాళ్ళం. ఇప్పుడు బెజవాడలోనే కాదు, మా మైలవరం లాంటి ఊళ్ళో కూడా కొత్త ఇళ్ళకి వేయిస్తున్నారు. బూడిదరంగులో నేల అద్దంలా మెరుస్తూ ఉంటుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. ఆ పూత వేసి వెళ్ళే పనివాడు చెప్పే ఆఖరి మాట కూడా అదే. "వారం రోజులు క్యూరింగ్ ఉండాలమ్మా!"

చిక్కంతా అక్కడే ఉంది. సిమెంటుకి క్యూరింగంటే తడపడం. ఎపాక్సీకి క్యూరింగంటే చుక్క నీరు తగలకుండా కాపాడటం. మాట ఒక్కటే, పని తలకిందులు. ఈ తేడా చెప్పాల్సిన వాళ్ళు చెప్పరు. తెలియక పొరపాటు జరిగితే మాట పడాల్సింది మాత్రం ఇంట్లో ఉండే ఆడది.

మా వీధిలోనే జరిగిన సంగతి చెబుతాను. పేర్లు ఎందుకులెండి. శ్రావణమాసంలో గృహప్రవేశం పెట్టుకున్నారు. షెడ్డులో గచ్చు వేసి పట్టుమని పదిహేను రోజులు కాలేదు. ముహూర్తం ముంచుకొస్తోందని దాని మీదే ఎపాక్సీ వేయించారు. ఆ ఇల్లాలు ఏడాది పొడుగునా పునాది దగ్గర్నుంచి ప్రహరీ దాకా తడిపిన మనిషి. "వారం క్యూరింగ్" అని చెప్పారు కదాని మర్నాడు పొద్దున్నే అలవాటు ప్రకారం పైపు పట్టింది. రెండు రోజులు, రెండు పూటలా తడిపింది. మూడోనాటికి నేల మీద తెల్లటి మచ్చలు తేలాయి. సబ్బు రాసినట్టు జిడ్డు. కాలు పెడితే చెప్పు అంటుకుపోయేంత జిగట. నాలుగో రోజున కారు పెట్టి తీస్తే, టైర్ల కింద పూత పెచ్చులుగా లేచి టైర్లతోపాటే పోయింది.

కాంట్రాక్టరు వచ్చి చూసి, "అమ్మగారు నీళ్ళు పోశారండీ, మేమేం చేస్తాం" అని చేతులు దులుపుకున్నాడు. ఇంట్లోవాళ్ళకి అంతకంటే ఏం కావాలి? "చదువుకున్నదానివి, ఒక్కమాట అడగొద్దూ?" అని ఒకరు. "అన్నీ నీకే తెలుసనుకుంటావు" అని ఇంకొకరు. గృహప్రవేశానికి వచ్చిన ప్రతి చుట్టానికీ తాంబూలంతోపాటు ఆ కథ కూడా చేతిలో పెట్టి పంపారు.

నేనడిగేది ఒక్కటే. ఆవిడ చేసిన తప్పేమిటి? చెప్పిన మాటని తనకి తెలిసిన అర్థంలో తీసుకుంది. ఏడాదిగా ఆ అర్థం నేర్పింది ఆ ఇంటి పనివాళ్ళే. పైగా, లేచొచ్చిన ఆ పెచ్చుని తిరగేసి చూస్తే అసలు సంగతి తెలిసేది. దాని వెనకంతా సిమెంటు పొడి అంటుకుని ఉంది. పెచ్చు ఊడిన చోట గచ్చు నల్లగా, చెమ్మగా ఉంది. పైన తేలిన తెల్లమచ్చలకి ఆవిడ పోసిన నీళ్ళు కారణమే కావచ్చు. కింద ఉన్న చెమ్మ మాత్రం ఆవిడ పోసింది కాదు. పచ్చిగచ్చు మీద, పైపొర గీకకుండా, వానల్లో పూత వేయించిన తొందరది. ఆ తొందర ఎవరిదో ఎవరూ అడగలేదు.

ఆరేది కాదు, తోడుకునేది

ఎపాక్సీ గురించి మనకి బొత్తిగా తెలియదనుకోనక్కర్లేదు. పంపు కారుతుంటే రెండు రంగుల ముద్దలు కలిపి పిసికి పెడతామే, ఆ ఎంసీల్ ఎపాక్సీయే. పగిలిన వస్తువులు అతికించడానికి రెండు ట్యూబుల్లోంచి సమానంగా పిండి కలిపే ఆరల్డైట్ కూడా ఎపాక్సీయే. నేలకి వేసే పూతలోనూ రెండు డబ్బాలుంటాయి. ఒకటి రెజిన్, రెండోది దాన్ని గట్టిపరిచే హార్డెనర్. రెండూ కలిసినప్పుడు జరిగేది రసాయన చర్య. గోడ రంగులోని నీరో, థిన్నరో గాలికి ఎగిరిపోయి రంగు ఆరుతుంది. ఇది అలా కాదు, పాలు పెరుగైనట్టు లోపల్నించి మారుతుంది. అందుకే "రెండ్రోజులు ఎండ తగిలితే అదే ఆరుతుందమ్మా" అని చెబితే నమ్మకండి. తోడుకోని పాలని ఎండలో పెట్టినంత మాత్రాన పెరుగవుతాయా?

అయితే ఇక్కడ మన వంటింటి లెక్క ఒకచోట పనికిరాదు. పెరుగు తొందరగా తోడుకోవాలంటే తోడు కాస్త ఎక్కువ వేస్తాం. ఎపాక్సీలో హార్డెనర్ ఎక్కువ వేస్తే తొందరగా గట్టిపడటం మాట దేవుడెరుగు, ఎప్పటికీ సరిగ్గా గట్టిపడదు. తక్కువైనా అంతే. రెజిన్, హార్డెనర్ ఒకదానితో ఒకటి జత కడతాయి. జత దొరకనిది జిగటగా మిగిలిపోతుంది. డబ్బా మీద ఎంతకి ఎంత అని రాసి ఉంటే అంతే కొలవాలి. అది బరువు లెక్కా, కొలత లెక్కా అన్నది కూడా చూసుకోవాలి. కంటితో "సుమారుగా" పోసే పనివాడు మన నేలతో చెలగాటమాడుతున్నట్టే.

కొలత తర్వాత ముఖ్యమైంది కలపడం. ఎంసీల్ రెండు రంగులూ పోయి ఒకే రంగు వచ్చేదాకా ఎందుకు పిసుకుతాం? ఎక్కడ చార మిగిలితే అక్కడ మెత్తగా ఉండిపోతుందని. బకెట్లో కలిపేటప్పుడూ అంతే. అంచులు, అడుగు గీకి కలపాలి. జాగ్రత్త తెలిసిన పనివాళ్ళు ఒక బకెట్లో కలిపింది రెండో బకెట్లోకి వంచి మళ్ళీ కలుపుతారు. అడుగున మిగిలింది వృథా అవుతుందని బకెట్ బోర్లించి నేల మీద గీకి పోసేవాళ్ళుంటారు. ఆ చోట మాత్రమే పళ్ళెమంత మేర జిగటగా ఉండిపోతుంది. నేలంతా బాగుండి అక్కడక్కడ మచ్చలుగా అంటుకుంటుంటే కలపడంలో లోపముందేమోనని ముందు అనుమానించాలి. నేలంతా జిగటగా ఉంటే కొలతల్ని అనుమానించాలి.

ఇంకో సంగతి. కలిపాక అది మన కోసం ఆగదు. బకెట్లోనే వేడెక్కి చిక్కబడిపోతుంది. వాడకానికి పనికొచ్చే సమయం రకాన్ని బట్టి అరగంటో, కాస్త అటూ ఇటో. మన ఎండలకి ఇంకా తగ్గుతుంది. చిక్కబడింది కదాని అందులో థిన్నర్ పోసి సాగదీస్తే పని అయిపోయినట్టే కనిపిస్తుంది గానీ పొర మెత్తగా ఉండిపోయే ప్రమాదముంది.

పైన తేమ, కింద చెమ్మ

కృష్ణా డెల్టాలో ఉన్నవాళ్ళం, మనకి నీటి విలువా తెలుసు, నీటి అల్లరీ తెలుసు. వర్షాకాలంలో చల్లటి నీళ్ళు పోసిన చెంబు బయట చెమటలు పట్టడం చూస్తూనే ఉంటాం. నేల కూడా రాత్రివేళ చల్లబడి అలాగే చెమరుస్తుంది. కొత్తగా వేసిన ఎపాక్సీ మీద ఆ చెమ్మ పడితే హార్డెనర్ గాలిలోని తేమతోనూ, బొగ్గుపులుసు వాయువుతోనూ కలిసి పైన జిడ్డు పొర కడుతుంది. అందుకే తయారీదారులు గాలిలో తేమ 85 శాతం దాటితే వెయ్యవద్దంటారు. చెమ్మ పట్టే ఉష్ణోగ్రత కంటే నేల కనీసం 3 డిగ్రీలు వెచ్చగా ఉండాలంటారు. శ్రావణ భాద్రపదాల్లో, ముసురు పట్టిన సాయంత్రం వేళ వేయిస్తే ఇది కుదురుతుందా? సంక్రాంతి మంచు పోయి, రోళ్ళు పగిలే ఎండలు ఇంకా రాని రోజులు ఈ పనికి అనువైనవి.

ఇది పైనుంచి వచ్చే తేమ. కిందనుంచి వచ్చేది ఇంకా మొండిది. కాంక్రీటు బలాన్ని 28 రోజులకి లెక్కగడతారు. ఎపాక్సీ డబ్బాతో వచ్చే కాగితంలో కూడా సాధారణంగా 28 రోజులు నిండిన గచ్చు మీదే వెయ్యమని ఉంటుంది. అదీ చాలదు. తడపడం ఆపాక లోపలి నీరు ఆవిరైపోవడానికి వేరే సమయం కావాలి. మనం రోజూ తడిపింది గచ్చు బలం కోసం. ఇప్పుడు ఆ నీరే బయటికి పోవాలి. పైగా షెడ్డు గచ్చు చాలా ఇళ్ళల్లో మెరక తోలిన మట్టి మీద నేరుగా పడుతుంది. మధ్యలో ప్లాస్టిక్ పట్టా పరవకపోతే భూమిలోని చెమ్మ గచ్చులోంచి పైకి పాకుతూనే ఉంటుంది. కాలవలకి నీళ్ళు వదిలిన రోజుల్లో పల్లపు ఊళ్ళల్లో ఇంటి గోడలు మోకాలెత్తున చెమ్మ తేలడం చూశాం కదా, ఇదీ అదే వరస. ఊపిరాడని పూత పైన వేస్తే ఆ చెమ్మ దాన్ని కిందనుంచి నెట్టుకొస్తుంది. పొక్కులు లేస్తాయి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు బెజవాడని ముంచెత్తిన సంగతి ఎవరు మరిచిపోగలరు? మా మైలవరం చుట్టుపక్కల కొండల్లో పుట్టే ఆ ఏరు గట్లు తెంచుకుని సింగ్‌నగర్ వైపు ఇళ్ళని రోజుల తరబడి నీళ్ళల్లో ఉంచింది. అలా నానిన నేల పైకి పొడిగా కనిపించినా లోపల తడి చాలాకాలం దాక్కుని ఉంటుంది. ముంపు తర్వాత ఇల్లు బాగుచేయించుకునేవాళ్ళు, కొత్తిల్లు కట్టేవాళ్ళలాగే, పైన పూతకి తొందరపడకూడదు.

దీనికి ఓ సులువైన పరీక్ష ఉంది. డబ్బు ఖర్చు లేదు, ఎవర్నీ బతిమాలక్కర్లేదు. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న దళసరి ప్లాస్టిక్ ముక్క తీసుకుని గచ్చు మీద పరిచి, నాలుగు పక్కలా గాలి దూరకుండా టేపు అంటించండి. కనీసం 16 గంటలు అలా వదిలేయండి. తీసి చూస్తే ప్లాస్టిక్ లోపలి వైపు నీటి చుక్కలున్నా, గచ్చు రంగు నల్లబడినా ఎపాక్సీకి ఇంకా సమయం రాలేదన్నమాట. ఇంకో చిన్న పరీక్ష. గచ్చు మీద నాలుగు నీటి చుక్కలు వెయ్యండి. పీల్చుకుంటే సరే. తామరాకు మీద నీటిబొట్టులా నిలబడిపోతే అక్కడ నూనో, మైనమో, పాత పూతో ఉన్నట్టు. అలాంటిచోట ఎపాక్సీ పట్టదు.

గచ్చు మీద తేలిన సిమెంటు పాలు ఎండి పల్చటి పొరలా ఉంటాయి. దాన్ని మెషీనుతో గీకి, దుమ్మంతా తీశాకే పూత వెయ్యాలి. లేకపోతే పూత ఆ పొడిని పట్టుకుంటుంది గానీ గచ్చుని పట్టుకోదు. మా పక్కనే ఉన్న కొండపల్లిలో బొమ్మలు చేసేవాళ్ళని చూడండి. పొణికి కర్రని ఆరనిచ్చాకే చెక్కుతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. అది ఆరాక సున్నం పూస్తారు. ఆ తర్వాతే రంగు. చేతిలో ఇమిడే బొమ్మకే అంత ఓపిక పడుతుంటే, కారు బరువు మొయ్యాల్సిన నేలకి ఎంత ఓపిక కావాలి?

జిగట తగ్గకపోతే

మామూలుగా ఎపాక్సీ వేసిన 24 గంటలకి మెల్లగా నడవవచ్చు. కారు పెట్టడానికి 7 రోజులు ఆగాలి. డబ్బా మీద వేరేలా ఉంటే అదే ప్రమాణం. తొందరపడి కారు పెడితే, తిరిగొచ్చిన వేడి టైరు చల్లారుతూ పూతని పట్టి లాగుతుంది.

గడువు దాటినా నేల అంటుకుంటుంటే ముందు ఒక మూల గోరువెచ్చటి సబ్బునీళ్ళతో పీచు పెట్టి రుద్ది, తుడిచి చూడండి. జిడ్డు పోయి కింద గట్టిగా ఉంటే అది తేమ వల్ల పైన కట్టిన పొర మాత్రమే. అంతా అలా కడిగించి ఆరబెడితే సరిపోతుంది. పైన ఇంకో పూత వెయ్యాలంటే మాత్రం ముందు ఈ జిడ్డు పూర్తిగా పోవాలి. రుద్దినా గోరు దిగబడుతుంటే కొలతలోనో, కలపడంలోనో లోపం జరిగిందన్నమాట. అలాంటి దాన్ని గీకి తీసేసి మళ్ళీ వేయడమే మార్గం. "దీని మీదే ఇంకో కోటు కొట్టేస్తామమ్మా" అంటే ఒప్పుకోకండి. బురద మీద చాప పరిస్తే బురద గట్టిపడుతుందా?

పిల్లలున్న ఇళ్ళల్లో ఇంకో జాగ్రత్త. పచ్చిగా ఉన్న ఎపాక్సీ, అంతకంటే దాని హార్డెనర్, చర్మానికి మంచివి కావు. దురద, దద్దుర్లు రావచ్చు. ఒకసారి ఒంటికి పడని గుణం వచ్చిందంటే తర్వాత ఏ కాస్త తగిలినా మళ్ళీ వస్తుంది. జిగటగా ఉన్న నేల మీద పసివాళ్ళని పాకనివ్వకండి, వట్టి కాళ్ళతో తిరగనివ్వకండి. చేతికంటిన దాన్ని థిన్నర్‌తో కడుక్కునే అలవాటు మరీ చెడ్డది. ఆ మందుని చర్మంలోకి ఇంకా ఎక్కించినట్టే. పాత గుడ్డతో తుడిచి సబ్బుతో కడుక్కోవాలి. బకెట్లో కలిపే కూలిమనిషి చేతులకి గ్లవుజులున్నాయా లేదా అని కూడా ఓసారి చూద్దాం. మన నేల మెరవడానికి ఇంకో ఇంటి మనిషి చేతులు పుండ్లు పడాలా?

అసలు ఆ నేల ఎవరిది?

'కారు షెడ్డు' అన్న పేరుండబట్టి దాని సంగతులన్నీ మగవాళ్ళ వ్యవహారమైపోయింది. రంగు ఆయన ఎంచుకుంటాడు, కాంట్రాక్టరుతో ఆయన మాట్లాడతాడు, అడ్వాన్సు ఆయన ఇస్తాడు. నిజానికి ఆ నేల మీద కారు ఉండేది రాత్రిపూట. పగలంతా అక్కడుండేది మనం. ఆవకాయ రోజుల్లో కాయలు కొట్టించేది అక్కడే. మిరపకాయల తొడిమలు తీసేది అక్కడే. పేరంటానికి జంపఖానా పరిచేది, సెలవుల్లో పిల్లలు ఆడుకునేది, ఇంట్లో శుభకార్యమైతే వంటవాళ్ళు పొయ్యిలు పెట్టేది, అశుభమైతే నలుగురూ వచ్చి కూర్చునేది అక్కడే. తుడిచేదీ కడిగేదీ ఎవరో చెప్పక్కర్లేదు. మరి ఆ నేల ఎలా ఉండాలో అడిగేటప్పుడు మాత్రం మనం ఎందుకు గుర్తురాం?

అడిగి ఉంటే బహుశా మనం వేరే మాట చెప్పేవాళ్ళం. ఎపాక్సీలో సుగుణాలు లేకపోలేదు. నూనె మరకలు ఇంకవు, సిమెంటు దుమ్ము లేవదు, తుడవడం సులువు. కానీ తడిస్తే జారుతుంది. పూతలో సన్న ఇసుక చల్లించుకుంటే తప్ప ముసలివాళ్ళున్న ఇంటికి భయమే. ఎండ నేరుగా పడేచోట పసుపుబారి వెలిసిపోతుంది. వేడి గుండిగలు దించితే మెత్తబడి మచ్చ పడుతుంది. మూడువైపులా తెరిచి ఉండి, వాన జల్లు కొట్టే షెడ్డుకి గరుకు పార్కింగ్ టైల్సో, బేతంచెర్ల నాపరాయో, గీతలు గీసిన సిమెంటు గచ్చో చాలా ఇళ్ళకి సరిపోతాయి. తలుపులు మూసుకునే గది లాంటి షెడ్డయితే, నేల నిజంగా ఆరి ఉంటే, నిక్షేపంగా ఎపాక్సీ వేయించుకోండి. వద్దని నేననను. ముచ్చటపడ్డవాళ్ళు ఎవరో, దాని బాగోగులు భరించేవాళ్ళు ఎవరో తేల్చుకుని వేయించుకోమంటాను, అంతే.

వేయించుకునేటప్పుడు ఈ ప్రశ్నలకి జవాబు రాతలో తీసుకోండి:

1. గచ్చు వేసి ఎన్ని రోజులైంది? కింద ప్లాస్టిక్ పట్టా వేశారా?
2. ప్లాస్టిక్ పరీక్ష ఎవరు, ఎప్పుడు చేశారు?
3. పైపొర మెషీనుతో గీకుతారా, ఊరికే చిమ్మి వేసేస్తారా?
4. రెండు డబ్బాలూ ఎంతకి ఎంత కలపాలి? దేంతో కొలుస్తారు?
5. ఎన్ని గంటలకి నడవాలి, ఎన్ని రోజులకి నీళ్ళు తగలొచ్చు, ఎన్నాళ్ళకి కారు పెట్టాలి?
6. జిగట తగ్గకపోతే మళ్ళీ వేసే ఖర్చు ఎవరిది?

అయిదో ప్రశ్నకి 'క్యూరింగ్' అని ఒక్కమాట రాసిస్తే ఊరుకోకండి. 'ఫలానా తేదీ దాకా నీళ్ళు పొయ్యకూడదు' అని తెలుగులో రాయించుకోండి. డబ్బాల మీది బ్యాచి నంబరు ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. బిల్లు దాచండి. ఆఖరి వాయిదా డబ్బు కారు పెట్టే రోజు దాకా చేతిలోనే ఉంచుకోండి. పని చెడగొట్టి మొండికేస్తే 1915 నంబరుకి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో చెప్పవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కి రెండేళ్ళలోపు ఫిర్యాదు చేసుకోవచ్చు. మీరు చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు.

ఇక ముహూర్తాల మాట. ఏ ఇంట చూసినా పనులన్నీ ఆఖరి వారంలో పరుగులు పెట్టేది గృహప్రవేశం కోసమే. పంతులుగారు పెట్టిన ముహూర్తానికి సిమెంటూ కట్టుబడదు, ఎపాక్సీ కట్టుబడదు. వాటి లెక్క వాటిది. అయినా పాలు పొంగేది వంటింట్లో గానీ కారు షెడ్డులో కాదు కదా! షెడ్డు నేల వట్టి గచ్చుగా ఉన్నంత మాత్రాన ఏ దేవతా అలిగి వెనక్కి పోదు. దాని మీద పెద్ద ముగ్గు పెడితే వచ్చినవాళ్ళకి అంతకంటే అందమేం కావాలి? పూత మాఘమాసంలో వేయించుకోవచ్చు.

ఇంటిని తడిపి నిలబెట్టే ఓపిక మనకుంది. ఎప్పుడు తడపాలో, ఎప్పుడు ఆపాలో చెప్పే నోరు కూడా మనకుండాలి. "ఇంకా ఆరలేదు, ఆగండి" అని ఇల్లాలు అంటే ఇంట్లోవాళ్ళు ఆగాలి. ఆగకపోతే, ఆ తర్వాత వచ్చే జిగటకి ఆవిణ్ణి బాధ్యురాల్ని చెయ్యడం మానెయ్యాలి. ఏమంటారు?